డ్రమ్మెక్కిన కౌబాయ్

దేశం కాని దేశంలో, తువాస్ కార్మికుల డార్మిటరీలో ఉన్న ఆ రోజుల్లో, ఏ చిక్కుకైనా సినిమాలో మందు ఉంటుందని నాకు గట్టి నమ్మకం. (ఇప్పుడు అదే ఊళ్లో, బూన్ లే పేటలో నాకంటూ ఓ గది, పెద్ద టీవీ ఉన్నాయి, నమ్మకమే లేదు.) మేమంతా షిప్‌యార్డులో పనిచేసేవాళ్లం. మా గదిలో పెద్దవాడు శ్రీకాకుళం వెల్డరు, అందరికీ పెద్దన్న. మామగారు పోయినప్పుడు సెలవు దొరక్క ఆయన ఊరికి వెళ్లలేకపోయాడు. అప్పట్నుంచి వదిన ఆయనతో మాట మానేసింది. ఆదివారం వీడియో కాల్ చేస్తే ఫోను గోడకు ఆనించి తన పని తాను చేసుకునేది. ఈయన ఇక్కణ్ణుంచి తిన్నావా, తిన్నావా అని అడుగుతూ ఉండేవాడు. ఒకరు ఇంటికి ఫోన్ చేస్తే మిగిలినవాళ్లం గోడవైపు తిరిగి పడుకోవడం మా గది మర్యాద. చెవులు మాత్రం తిప్పుకోలేం కదా, వినలేక చచ్చేవాళ్లం.

ఒక ఆదివారం కింద హాల్లో పాత ఇంగ్లీషు సినిమా వేశారు. కౌబాయ్ గుర్రమెక్కి గిటారు వాయిస్తూ పాడతాడు, అలిగిన పిల్ల కిటికీ తలుపు తీస్తుంది, కథ కంచికి. (మాటలు ఒక్కటీ అర్థం కాలేదు, అందుకే పూర్తిగా నమ్మాను.) వెంటనే పెద్దన్నను పట్టుకుని, వదినకు పాట పాడాల్సిందేనన్నాను. వద్దు మొర్రో అంటున్నా వినకుండా నీళ్ల డ్రమ్మును అడ్డంగా పడుకోబెట్టి, దాని మీద కూర్చోబెట్టి, పసుపు హెల్మెట్ పెట్టి, మెడకు కర్చీఫు కట్టాను. పక్క మంచం తమ్ముడు గిటారుకు బదులు టిఫిన్ క్యారియర్ అందుకున్నాడు. ఫోన్ నా చేతిలోనే. ఇది గుర్రమని వదినకు వివరించింది కూడా నేనే.

పెళ్లయిన కొత్తలో పాడిన పాటట, పెద్దన్న గొంతెత్తాడు. చేటలో బియ్యం ఏరుతున్న వదిన తలెత్తి చూసింది. రెండోసారి పల్లవి అందుకునేసరికి డ్రమ్ము దొర్లింది, కౌబాయ్ బూట్లతో సహా మంచం కిందికి వెళ్లిపోయాడు. మేం పగలబడి నవ్వాం. వదిన కూడా నవ్వింది. నా సినిమా హిట్టనుకున్నాను. అంతలో ఆమె మొహం మారిపోయింది.

"మా అయ్య పోయినప్పుడు రానేదు గాని, ఇప్పుడు గుర్రమెక్కి వచ్చినావేటి?" అంది. ఫోన్ పెట్టేసింది.

నాకు తల కొట్టేసినట్టయింది. వంగి చూస్తే పెద్దన్న మంచం కిందే పడుకుని, మొహం మీదికి కర్చీఫు లాక్కుని ఏడుస్తున్నాడు. తప్పయిపోయిందన్నా అన్నాను.

"తిడితే తిట్టింది. మాటాడింది గదరా," అన్నాడు.

మళ్లీ ఆదివారం ఆయనే డ్రమ్ము దొర్లించుకొచ్చి, నన్ను ఫోన్ పట్టమన్నాడు. ఆనాటి ఆ కుర్ర డైరెక్టర్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వదిన ఫోన్ ఎత్తేదాకా వాడు ఎంతమంది దేవుళ్లకు మొక్కాడో మాత్రం ఎవరికీ చెప్పను.