తొట్టిలో తొలివాన చేపలు

వలలో చూసిన క్షణంలోనే ఆ మూడు చేపలు ఏ రకానివో నాకు తెలుసు. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇంటికెళ్లి ఫొటోలు మళ్లీ చూస్తే తెలిసిందని మా మేడంతో అన్నాను. డైరీలో కూడా అలాగే రాసుకున్నాను. నా డైరీ చదివేది నేనొక్కదాన్నే. అయినా అందులోనూ అబద్ధమే రాశాను.

హనుమకొండలో జువాలజీ పీజీ అయ్యాక మా మేడం నడిపే ఒక సర్వేలో చేరాను. నర్సంపేట చుట్టుపక్కల వాగుల్లో తిరుగుతూ ఏ చేపలు ఇక్కడివి, ఏవి బయటి నుంచి వచ్చి చేరినవి అని రాసుకోవడం నా పని. నలుగురి ముందు నాకు నోరు పెగలదు. చేపల దగ్గర మాత్రం ఏ బెరుకూ లేదు. నా మంచం పక్కన ఉండే లావుపాటి పుస్తకం నవలేమో అని మా ఇంట్లో అనుకుంటారు. అది మంచినీటి చేపల పుస్తకం. నాలుగుసార్లు చదివాను. రెండు రకాల చిన్న పరక చేపలు పక్కపక్కన పెడితే తోక దగ్గరి చుక్క చూసి ఏది ఏదో చెప్పేస్తాను.

మా ఫారంలో మొదటి గడి స్థానిక పేరుది. వల వేసిన మనిషి పేరు చెబితే నేను రాయాలి. ఆ తర్వాతే శాస్త్రీయ నామం, ఆ పైన ఇక్కడిదా బయటిదా అన్న టిక్కు. ఆ వాగులో మాకు వల వేసింది ఒక పెద్దాయన. తాతా అని పిలిచేదాన్ని. ఆయనకొక పట్టింపు ఉంది. తొలివానకు వాగు కదిలినప్పుడు మొదటి వలలో పడ్డ ఈ వాగు చేపలను తినడు, అమ్మడు; బయటివి ఏరేస్తాడు. ఇంటి ముందు సిమెంటు తొట్టిలో ఉంచి, మర్నాడు అడవి అంచున ఉన్న మడుగులో వదిలి వస్తాడు. వాళ్ల నాయన నుంచి వచ్చిన అలవాటట. మా సర్వేలో బయటి చేప ఒక్కటి కూడా కనిపించని చోటు ఆ మడుగే. కింద వాగంతా బయటి నుంచి వచ్చిన జిలేబి చేపలే. పైన మడుగులో మాత్రం పరకలు, జెల్లలు, కొర్రమట్టలు ఇంకా బతికి ఉన్నాయి.

ఈ ఏడు తొలివానకు వాగు కదిలిన రోజు మొదటి వలలో మీసాల చేపలు మూడు పడ్డాయి. తాత వాగులోంచే కేకేశాడు.

"మార్పులే! మార్పులు మళ్లొచ్చినై! కండ్ల జూసి ఎన్నేండ్లాయెనో!"

మార్పు అంటే ఈ వాగుల్లో దాదాపు కనుమరుగైన మీసాల చేప. గట్టు మీద జనం పోగయ్యారు. ఆయన భార్య బుట్ట పట్టుకుని నవ్వుతోంది. "ముసలోని మొకం సూడుండ్రి. మా పెండ్లినాడు సుత గింత సంబురం లేకుండె."

తాత ఒక చేపను నా ముందుకు తెచ్చాడు. "రాయి బిడ్డా. మార్పు. మన వాగుదే."

అది మన మార్పు కాదు. ఒంటి మీద మచ్చలు, బల్లపరుపు పెద్ద తల. తల వెనుక ఎముక మన మార్పుకు ఒకే మొనగా దిగుతుంది, దీనికి అటూ ఇటూ వంపులు తిరిగి ఉంది. ఎవరో చెరువులో దొంగచాటుగా పెంచుతున్న ఆఫ్రికా రకం, వరదకు తప్పించుకుని వచ్చింది. మేడం అవతలి ఒడ్డున నీటి లోతు కొలుస్తోంది. తాత నా కలం వైపే చూస్తున్నాడు. 'మార్పు' అని రాసి, 'ఇక్కడిది' అన్న గడిలో టిక్కు పెట్టాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఆ టిక్కు ఏం చేయబోతోందో అర్థమైంది. పొద్దున్నే ఆయన వాటిని తన చేతులతో ఆ మడుగులో వదులుతాడు. అవి దొరికిన చేపనల్లా తింటాయి. రెండు మూడు వానాకాలాల తర్వాత అక్కడ పరక అన్నది మిగలదు. తాత నంబరు మేడం దగ్గర ఉంది. అడిగితే ఎందుకంటుంది. అడగలేదు. మర్నాడు మొదటి బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి బకెట్ మీద తడి గోనెపట్టా కప్పి, తాత చెప్పులు వేసుకుంటున్నాడు.

"ఏందే బిడ్డా, గింత పొద్దుగాల్నే? నువ్వు సుత మడుగుకొస్తవా?"

"తాతా, వాటిని వదలొద్దు. అవి మన మార్పులు కావు. ఆఫ్రికా చేపలు. నేను తప్పు రాసిన."

పెద్దాయన మాటను కాదనడం నా జీవితంలో అదే మొదలు.

"నలభై ఏండ్ల సంది వల ఏస్తాన," అన్నాడు. "నాకే చెప్తానవా?"

"నా మాట వినకు. కండ్లు మూసుకొని నీ చేతితోని చూడు."

చిన్నప్పుడు బురదలో చూపు ఆనకున్నా చేత్తో తడిమే మార్పులను పట్టేవాడినని ఆయనే నాకు చెప్పాడు. తాత గోనెపట్టా తీసి, కళ్లు మూసుకుని బకెట్‌లో చేయి పెట్టాడు. బొటనవేలు చేప తల వెనుక నెమ్మదిగా కదిలింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. రెండో చేప. మూడోది. తర్వాత చేయి లుంగీకి తుడుచుకుని భార్యను పిలిచాడు.

"కూరొండు."

"తొలివాన చేప ముట్టొద్దని గిన్నేండ్లు నా నోరు గట్టేస్తివి కదయ్యా?"

"ఇవి తొలివాన చేపలు గావే. ఎవని చెరువు తెగి వచ్చినయో."

ఫారంలో పాత టిక్కును కొట్టేసి, 'బయటిది' అన్న గడిలో కొత్తది పెట్టాను. ఫొటోలు మళ్లీ చూస్తే తెలిసిందని మేడంకు ఫోన్‌లో చెబితే, "రెండోసారి చూసే అలవాటు మంచిది, అదే నీలో నాకు నచ్చేది," అంది. సరే మేడం అన్నాను.

తాత ఆటోలు ఆగే చోటి దాకా నాతో నడిచాడు. రోడ్డెక్కాక అన్నాడు: "చేతిల వడ్డప్పుడే జర అనుమానమొచ్చింది బిడ్డా. ఆశ, గంతే."

నాకు కూడా అప్పుడే తెలుసని చెప్పాల్సింది అక్కడే. నోరు తెరిచాను. అంతలో ఆటో వచ్చి ఆగింది. నేనెక్కి కూర్చున్నాక ఆయన పక్క కడ్డీ పట్టుకుని లోపలికి వంగాడు.

"ఇగ మీదికెళ్లి వలల ఏది వడ్డా ముందుగాల నువ్వు చెప్పు బిడ్డా. అటెన్క నేను చెప్త."