ఎక్కడికని అడగని రేవు

పోయిన వారం అమలాపురం నుంచి రాజోలు వైపు వెళ్తుంటే, వంతెన మొదట్లో దీపస్తంభానికి ఒక చిన్న పెట్టె కట్టి ఉంది, దాని కింద కుర్చీ వేసుకుని ఒకాయన ఫోను చూసుకుంటున్నాడు. నాకు చూడగానే సంగతి అర్థమైపోయింది. ఉద్యోగం వదిలి ఏళ్ళవుతున్నా పాత వాసన పోదు కదా, ఆటో ఆపించి దిగి, ట్రాఫిక్ సర్వేనా బాబూ అని అడిగాను. అవునండి, కెమెరా లెక్కపెట్టుకుంటుందండి, ఏది లారీయో ఏది కారో దానికే తెలుస్తుందండి, దాన్నెవరూ ఎత్తుకుపోకుండా నేను కాపలా అండి అన్నాడు. ఈ వంతెన ఇక్కడ లేవడంలో నా చెయ్యి కూడా కొంత ఉందని చెప్పబోయి ఊరుకున్నాను. ఎండలో కూర్చున్న మనిషితో దారినపోయే ముసలావిడ అలాంటి మాటంటే ఏమనుకుంటాడు? మీతో అయితే చెప్పుకోవచ్చు. మీలో చాలామంది పంటు కోసం గంటలు గంటలు కాచుకుని, చెప్పులు చేత పట్టుకుని, పాదాలకి బురదతో చదువులకీ ఉద్యోగాలకీ వెళ్ళినవాళ్ళే.

పంటంటే తెలియని పిల్లలు పుట్టేశారు గనక చెప్పాలి: రెండు నావలు పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిస్తే పంటు. దాని మీద జీపు ఎక్కేది, అరటి గెలలు ఎక్కేవి, గేదె ఎక్కేది, కొత్త పెళ్ళికూతురు ఎక్కేది, అందరూ ఒకరినొకరు ఆనుకుని గోదావరి పాయ వైనతేయ దాటేవారు. మా రేవు పేరు మాత్రం నేను చెప్పను, చెపితే పక్క రేవు వాళ్ళు ఊరుకోరు. మా నాన్నగారు అవతలి ఒడ్డున హైస్కూల్లో మాస్టారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ పంటు మీదే వెళ్ళి ఆ పంటు మీదే వచ్చారు. ఆడపిల్లకి సివిలు డిప్లొమా ఏమిటి, టీచరు ట్రైనింగు చదివించక అని చుట్టాలు నసిగినా ఆయన వినిపించుకోలేదు. అలా చదువు పూర్తిచేసి ఇంట్లో కూర్చున్న రోజుల్లోనే మా రేవు దగ్గర సర్వే మొదలుపెడుతున్నారనీ, చదువుకున్న స్థానికులు కావాలనీ తెలిసింది.

ఆ సర్వే కథ ఏమిటంటే, ఆ పాయ మీద ఒక వంతెన వేస్తామని ప్రభుత్వం అంది. ఒకటే వంతెన. వేస్తే మా రేవు దగ్గరైనా వెయ్యాలి, కాదంటే ఎగువన ఇంకో రేవు దగ్గరైనా వెయ్యాలి. ఎక్కడ అవసరమో తేల్చమని పట్నం నుంచి ఒక కంపెనీని పిలిపించారు. మహానగరంలో బస్సులు ఏ దారిన తిరగాలో, రోడ్లు ఎక్కడ వెడల్పు చెయ్యాలో తేల్చిన కంపెనీ అది. ఆ పనికి పెద్దగా వచ్చిన ఇంజనీరుగారు తలనెరిసిన మనిషి, మాట తక్కువ, లెక్క తప్పితే మాత్రం ఎవరినీ ఊరుకోరు. నన్ను రేవు దగ్గర బళ్ళు లెక్కపెట్టే పనిలో వేసుకున్నారు. టోపీ పెట్టుకుని, అట్టకి కాగితాలు బిగించుకుని రేవు గట్టు మీద నిలబడితే, మాస్టారమ్మాయికి గవర్నమెంటు ఉద్యోగం వచ్చేసిందని ఊరంతా చెప్పేసుకున్నారు. అది గవర్నమెంటూ కాదు, ఉద్యోగమూ అంతంతమాత్రమే, అయినా నేను కాదనలేదు లెండి.

ఆ వంతెన మా రేవుకే రావాలని నాకెందుకంత పట్టుదలో చెప్పాలి. మా అక్కని అవతలి ఒడ్డున, దిండి వెళ్ళే దారిలో ఉన్న ఊరికిచ్చారు. మొదటి కాన్పుకి పుట్టింటికి తీసుకొద్దామని అమ్మ అన్నీ సిద్ధం చేసుకుంటుండగానే గోదావరికి వరదొచ్చింది, పంటు కట్టేశారు. నెలలు నిండకుండానే అక్కకి నొప్పులొచ్చాయని ఎలాగో కబురు తెలిసింది. అమ్మ బాలింతకి పెట్టే కాయం డబ్బా, పాత చీరలూ మూటకట్టుకుని వర్షంలో రేవుకి వెళ్ళి నిలబడింది. అవతలి గట్టు మీది కొబ్బరితోపు కనబడుతూనే ఉంది, మధ్యలో ఎర్రనీళ్ళు ఉరుకుతున్నాయి. పంటు నడిపే సరంగు కాళ్ళు పట్టుకున్నంత పని చేసిందిగానీ, అతను మాత్రం ఏం చెయ్యగలడు? వరద తీసి పంటు వేసి, అమ్మ అక్కడికి చేరేసరికి పిల్లకి బొడ్డు కూడా ఊడిపోయింది. దేవుడి దయవల్ల తల్లీ బిడ్డా క్షేమమే. కానీ ఆ తరవాత చాలాకాలం అమ్మ రేవు వైపు చూసినప్పుడల్లా మొహం తిప్పేసుకునేది. నాకు ఆ మొహమే గుర్తు.

సరే, సర్వే మొదలైంది. బళ్ళు లెక్కపెట్టడం మాకు, మనుషుల్ని అడగడం పట్నం నుంచి వచ్చిన కుర్రాళ్ళకి అప్పగించారు. నగరంలో ఏ ప్రశ్నలు అడిగారో అవే ఇక్కడా అడగాలి: ఎక్కడికి వెళ్తున్నారు, ఎక్కడినుంచి వస్తున్నారు, ఏం పని మీద? నగరంలో బస్టాపులో నిలబడ్డవాడిని అలా అడిగితే చిరాగ్గానో నవ్వుతూనో చెప్పేస్తాడట. మా రేవులో పొద్దున్నే ఇల్లు కదిలి, ఎదురెవరొచ్చారో చూసుకుని, మనసులో దేవుణ్ణి తలుచుకుని పంటు ఎక్కబోతున్న మనిషికి, తెలియని కుర్రాడు అడ్డమొచ్చి ఎక్కడికండీ అంటే ఎలా ఉంటుంది చెప్పండి! బయల్దేరేవాళ్ళని ఎక్కడికని అడగకూడదన్నది మనకి ఉగ్గుపాలతో వచ్చిన మాట. మరీ తెలుసుకోవాలంటే దూరమా అండీ అంటాం, ఆయ్ అంటే సరిపెట్టుకుంటాం. మాది ప్రార్థన చేసుకుని గడప దాటే ఇల్లు, శకునాలు నమ్మకూడదని పాస్టరుగారు ప్రతి ఏడూ చెప్పేవారు. అయినా ఎవరైనా ఎక్కడికీ అన్నారంటే అమ్మ వెనక్కొచ్చి, కుర్చీలో కాసేపు కూర్చుని, ఇన్ని మంచినీళ్ళు తాగితేగానీ మళ్ళీ కదిలేది కాదు. అంతెందుకు, ఆ పాస్టరుగారు సంచి పుచ్చుకుని బయల్దేరినా ఆయన్ని ఎవరూ ఎక్కడికని అడిగేవారు కారు.

ఇక చూడండి తమాషా. పెళ్ళిచూపులకి వెళ్తున్న ఒక కుటుంబాన్ని పంటు బల్ల మీద ఆపి అడిగాడొక కుర్రాడు. ముందున్న పెద్దావిడ అందరినీ వెనక్కి తిప్పి, గట్టు మీది కాఫీ హోటల్లో కూర్చోబెట్టి, పేరుపేరునా మంచినీళ్ళు తాగించి తరవాతి పంటుకి తీసుకొచ్చింది. పని మీద శ్రద్ధ గల కుర్రాడు పాపం, మళ్ళీ అడిగాడు! ఆవిడ వాడికి రెండు చేతులూ ఎత్తి ఒక దణ్ణం పెట్టింది చూడండి, రేవు రేవంతా నవ్వింది. మురమళ్ళ స్వామివారి కల్యాణం చేయించడానికి రాజోలు వైపు నుంచి దాటివచ్చిన ఒక శాస్త్రిగారు వాడి మొహమైనా చూడకుండా ఇక్కడికే నాయనా అని సాగిపోయారు. కాకినాడ కోర్టుకి వెళ్ళేవాడూ ఇక్కడికే, రాజమండ్రి ఆసుపత్రికి వెళ్ళే రోగీ ఇక్కడికే, అంబాజీపేటకి కొబ్బరికాయ తోలేవాడూ ఇక్కడికే.

రోజులు గడిచేకొద్దీ కాగితాల్లో అదే పేరుకుంది. ఇంజనీరుగారు ఒకరోజు మధ్యాహ్నం షెడ్డులో కూర్చుని వాటిని తిరగేసి, ఇక్కడివాళ్ళు ఒడ్డు మారడం తప్ప దూరం వెళ్ళడం లేదు, ఈ మాత్రానికి ఇంకో పంటు వేస్తే చాలు, వంతెన ఎగువ రేవుకే సబబు అనేశారు. ఆయనకి మా మీద కోపమేం లేదు, ఎగువ వాళ్ళ మీద ప్రేమా లేదు. కాగితం ఏం చెపితే అది చెప్పారు, అంతే. నాకు మాత్రం వర్షంలో మూటతో నిలబడ్డ అమ్మ కళ్ళ ముందు మెదిలింది. లేచి నిలబడి, మీరు అడగడంలోనే పొరపాటు ఉందండీ అన్నాను. కొత్తగా చేరిన అమ్మాయి అంత మాట అనేసరికి కుర్రాళ్ళు రాయడం ఆపేశారు.

బయల్దేరే మనిషిని మావైపు ఎందుకు అడగరో చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అంతా విన్నారు.

"నమ్మకాలు రిపోర్టులో రాయలేనమ్మా. నిజం ఎలా తెలుస్తుందో అది చెప్పు," అన్నారు.

"సాయంత్రం అడుగుదామండి. తిరిగొచ్చేవాళ్ళని ఎక్కడినుంచని అడిగితే ఎవరికీ పట్టింపు ఉండదండి. ఇంటికొచ్చేసేక మావాళ్ళు అడక్కపోయినా చెప్తారండి."

వెళ్ళిన దారినే తిరిగొస్తారు గనక, పొద్దుటి ప్రయాణాన్ని సాయంత్రం నుంచి వెనక్కి చదువుకోవచ్చని కూడా, నాకు తెలిసిన కాస్త చదువూ ఉపయోగించి చెప్పాను. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని కాగితాల వైపు చూశారు. చివరికి సరే, ఒక్క సాయంత్రం చూద్దాం, అడిగేది నువ్వే అన్నారు. అప్పుడు పుట్టింది అసలు భయం. సాయంత్రం కూడా అందరూ ఇక్కడినుంచే అన్నారంటే వంతెన మాట అటుంచి, నాన్నగారి ముందు తలెత్తుకోలేను.

ఆ సాయంత్రం పంటు ఒడ్డుకి తగులుతుంటే నేను బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. బల్ల దిగిన మొదటావిడ చేతిలో మందుల సంచి. ఎక్కడినుంచి వస్తున్నారండీ అన్నాను. అడిగిందే తడవు, భీమవరంలో ఏ డాక్టరు చూశారో, సూది ఎంత నొప్పెట్టిందో, బస్సులో సీటు ఎవరిచ్చారో అన్నీ చెప్పేసింది. వెనకున్నావిడ నర్సాపురం, ఆ వెనక పాలకొల్లు, ఆ వెనక కొడుకు పరీక్ష ఫీజు కట్టడానికి ఎక్కడికో వెళ్ళొచ్చినాయన. పనులు చూసుకుని అవతలి ఒడ్డుకి తిరిగి వెళ్ళడానికి ఇటు పంటు ఎక్కేవాళ్ళలో రాజమండ్రి, కొత్తపేట, కాకినాడ. కుర్రాళ్ళు నా వెనక నిలబడి రాయలేక చేతులు విదుల్చుకుంటున్నారు. తమ వంతు దాటిపోయినవాళ్ళు కూడా మమ్మల్ని రాసుకోలేదేం అని వెనక్కొచ్చి చెప్పారు.

ఇంతలో పంటు మీంచి నాన్నగారు దిగారు. సైకిలు పక్కకి నిలబెట్టి, అందరితోపాటు వరసలో నిలబడ్డారు. ఆయన వంతు వచ్చింది, నేనింకా అడగనేలేదు. ఆయనే గొంతు సర్దుకుని, తెలియని ఆఫీసరుతో మాట్లాడినట్టు చెప్పారు.

"అవతల హైస్కూలు నుంచండి. ఉద్యోగం పనండి. రోజూ అండి. రాసుకోండమ్మా."

రేవు మొత్తం చూస్తుండగా నాన్నగారు నన్ను మీరు అన్నారు. నేను తలొంచుకుని రాసుకున్నాను, అక్షరాలు అలుక్కుపోయాయి. తరవాత నాకు చాలా సన్మానాలు జరిగాయి, శాలువాలు బీరువాలో ఉన్నాయి, వాటిలో ఏదీ ఆ అండీకి సాటి రాదు.

ఆ తరవాత మిగిలిన సర్వే అంతా సాయంత్రాలే జరిగింది. ఒక పేచీ మాత్రం మిగిలింది. ఏం పని మీద అన్నచోట ఉద్యోగం, చదువు, వైద్యం, వ్యాపారం ఉన్నాయిగానీ, కూతుర్ని చూసొచ్చిన తల్లికీ, చెల్లెలి పురిటికి వెళ్ళొచ్చిన అక్కకీ చోటు లేదు. వాళ్ళందరినీ ఇతరములు అని రాశారు. మా రేవులో ఆడవాళ్ళు సగానికి సగం ఇతరములైపోతున్నారండీ అని నేను మొండికేస్తే, ఇంజనీరుగారు నవ్వి, నువ్వే పేరు పెట్టు అన్నారు. చుట్టపుచూపు అని రాశాను. ఆ ముక్క రిపోర్టులో అలాగే వెళ్ళింది.

మంజూరు కావడానికీ, స్తంభాలు లేవడానికీ ఏళ్ళు పట్టింది గానీ, వంతెన మా రేవుకే వచ్చింది. ఇంజనీరుగారు నన్ను తనతోపాటు నగరానికి తీసుకెళ్ళారు. అక్కడ మహానగరం మొత్తానికి చేసిన ప్రయాణాల సర్వేల్లో చిన్న పనినుంచి మొదలై, చివరికి అడిగేవాళ్ళందరికీ అడగడం నేర్పే పెద్దదాన్నయ్యాను. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు నేను చెప్పే పాఠం ఒకటే: ప్రశ్న రాసుకునే ముందు, ఆ ఊళ్ళో ఆ ప్రశ్న ఎవరు ఎవరిని ఎప్పుడు అడుగుతారో కనుక్కోండి. నగరం వాళ్ళు దాన్ని పెద్ద సిద్ధాంతంలా రాసుకునేవారు. అది మా అమ్మ తాగిన మంచినీళ్ళలోంచి వచ్చిందని వాళ్ళకేం తెలుసు!

వంతెన తెరిచిన ఏడాది సెలవు పెట్టి వచ్చాను. అమ్మ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పక్కావిడకీ, ముందావిడకీ, కండక్టరుకీ ఇది మా చిన్నమ్మాయి వేయించిన వంతెన అని చెప్పుకుంటూనే ఉంది. నేను సిగ్గుపడ్డట్టు నటించానుగానీ, లోపల పొంగిపోయాను. మళ్ళీ ఏడు వరదొచ్చినప్పుడు, కింద ఎర్రనీళ్ళు ఉరుకుతుండగా అమ్మ పైనుంచి దర్జాగా అక్క దగ్గరికి వెళ్ళింది, అక్క రెండో కాన్పుకి దగ్గరుండి అన్నీ చూసుకుంది. ఆ పిల్లాడికి అమ్మే మొదటి స్నానం పోసింది. ఆ ఒక్కదానికోసం ఇంకోసారి ఆ షెడ్డులో లేచి నిలబడమన్నా నిలబడతాను.

తరవాత ఎప్పుడో అక్కని చూడ్డానికి వెళ్ళినప్పుడు, పొయ్యి దగ్గర కూర్చుని మాటల మధ్యలో అక్క అంది.

"వంతెనైతే వేయించేవు గానీ చెల్లీ, అమ్మ మా ఇంట్లో నిద్ర చెయ్యడం మానేసిందే. పొద్దున్నొచ్చి సాయంత్రానికల్లా వెళ్ళిపోతంది."

నిజమే. పంటు రోజుల్లో అమ్మ వెళ్ళిందంటే మూడు నాలుగు నిద్రలు చెయ్యకుండా వచ్చేది కాదు. ఆఖరి పంటు వెళ్ళిపోయింది, గాలి ఎక్కువగా ఉంది, రేపు చూద్దాంలే అంటూ అక్క పక్కలో పడుకుని కబుర్లు చెప్పుకునేది. నాన్నగారూ ఏమీ అనేవారు కాదు. ఇప్పుడు అమ్మా లేదు, నాన్నగారూ లేరు. అక్కా, ఉద్యోగం వదిలి ఊరికి తిరిగొచ్చేసిన నేనూ చెరో ఒడ్డునా ఉన్నాం, కావాలంటే గంటలో కలుసుకుంటాం, కాఫీ తాగి లేస్తాం. ఉండిపోవే అని అక్క అంటుంది, బస్సుందిగా అని నేనంటాను. ఆ వంతెన వేయించినందుకు నాకు ఇప్పటికీ గర్వమే, చచ్చేదాకా గర్వమే. కాకపోతే, పుట్టింటి మనిషి దగ్గర ఒక రాత్రి ఉండిపోవడానికి పూర్వం గోదావరి ఒక సాకు ఇచ్చేది, ఇప్పుడు ఆ సాకు మనమే వెతుక్కోవాలి.