అంకుల్ పడవ, ఆంటీ షరతు

నెల కింద ఒక గురువారం పొద్దున నేను ఆఫీసుకు రైల్లో వెళ్తుంటే ఆంటీ ఫోన్ చేసింది. "బాబూ, మీ అంకుల్ వెళ్ళిపోయారు" అంది.

"ఇయ్యాల వాన ఉందన్నరు కదా ఆంటీ, సముద్రం మీదికి ఎందుకు పోయిండ్రు?" అన్నాను.

ఆవిడే నన్ను ఓదారుస్తున్నట్టు మెల్లగా అంది: "సముద్రం మీదికి కాదు నాన్నా."

రాఫెల్స్ ప్లేస్‌లో దిగాల్సినవాణ్ణి దిగలేదు. రైలు ఎటు తీసుకెళ్తే అటు పోయాను.

నిద్రలోనే పోయారట. పక్కింటివాళ్ళు వచ్చి "బాధపడకుండా వెళ్ళారు" అంటుంటే ఆంటీ, "జన్మలో ఆయన ఇంత తొందరగా తేల్చేసిన పని ఇదొక్కటే" అంది. వాళ్ళకు అర్థం కాలేదు. నాకు మాత్రం ఆ దుఃఖంలోనూ నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ మనిషి పాత అల్యూమినియం పడవ ఒకటి ఎంచుకోవడానికి పట్టిన కాలంలో నేను ఒక చదువు పూర్తి చేశాను.

చదువుకోడానికి ఈ దేశం వచ్చినప్పుడు క్లెమెంటిలో వాళ్ళ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకుని నేను యూనివర్సిటీకి వెళ్ళేవాణ్ణి. నాది కరీంనగర్ వైపు, వాళ్ళది కాకినాడ వైపు. ఏం చదువుతున్నావని అంకుల్ మొదటి రోజే అడిగారు. కంప్యూటర్లు వేడెక్కకుండా పెట్టెల లోపల గాలి ఎట్లా తిరగాలో పరిశోధన చేస్తున్నానని చెప్పాను. "గాలైనా నీళ్ళైనా పారేదే కదా" అన్నారు. అంతే, ఆ పూట నుంచి ఆయన లెక్కలో నేను నీళ్ళ డాక్టర్ని అయిపోయాను.

అంకుల్ ఏళ్ళ తరబడి రాఫెల్స్ ప్లేస్‌లోని ఒక బ్యాంకులో పనిచేశారు. ఆయన కుర్చీ పక్కనే కిటికీ, కిటికీలో సముద్రం, సముద్రం నిండా ఓడలు. రిటైరయ్యాక ఆ కిటికీ పోయింది. ఇంట్లో కూర్చుని అమెరికావాళ్ళు చెరువుల్లో అల్యూమినియం పడవల మీద నిలబడి చేపలు పట్టే వీడియోలు చూడటం మొదలుపెట్టారు. ఒక రోజు భోజనాల దగ్గర "నేనొక బాస్ బోట్ కొంటాను" అన్నారు.

"రిటైరయ్యాక కూడా బాసేనా?" అంది ఆంటీ.

"ఆ బాస్ కాదే. బాస్ అంటే చేప."

"అది ఇక్కడ దొరుకుద్దా?"

అంకుల్ కాస్త తడుముకున్నారు. "మన పండుగప్ప కూడా ఆ జాతే" అన్నారు చివరికి.

పండుగప్ప అనేసరికి ఆంటీ గరిటె ఆగింది. వాళ్ళ పుట్టింట్లో ఆ పులుసు వండిన రోజు వీధి వీధంతా తెలిసిపోయేదట. కాసేపు ఆలోచించి ఆవిడ షరతు పెట్టింది. "నాకు ఈత రాదు. మీకూ రాదు. ఆ పడవలో నేను నుంచుని స్థిమితంగా జడ వేసుకోగలిగితే కొనండి. లేకపోతే ఆ ఊసెత్తొద్దు."

అక్కణ్ణుంచి మా శనివారాలన్నీ పడవలు చూడ్డానికే పోయాయి. క్లెమెంటి నుంచి ఉత్తరాన పుంగ్గోల్ దాకా రైలు, ఆ తర్వాత బస్సు, ఆ తర్వాత పడవలు పెట్టుకునే షెడ్లు. ఏ పడవ చూపించినా అంకుల్ దాని రంగు చూసేవారు కాదు, ఇంజను చూసేవారు కాదు. బ్యాంకు రోజుల నాటి తెల్ల చొక్కాతోనే నేలమీద వెల్లకిలా పడుకుని పడవ కిందికి దూరేవారు. బయటికి రెండు చెప్పులు మాత్రం కనిపించేవి. "పైన చూపించేది అమ్మేవాడు, కింద చూపించేది పడవ" అనేవారు లోపలి నుంచి. అమ్మేవాళ్ళకు ఆ తెలుగు అర్థం కాక నా వంక చూసేవారు. నేను నీళ్ళ డాక్టర్ని కాబట్టి గంభీరంగా తలాడించేవాణ్ణి.

మొదట చూసింది చదును అడుగు పడవ. అమ్మే చీనా పెద్దాయన్ని అంకుల్ "అంకుల్" అన్నారు, ఆయన కూడా మా అంకుల్‌ని "అంకుల్" అన్నారు. "స్టాండ్ కెన్, డాన్స్ ఆల్సో కెన్ లా" అని, నిలబడ్డమే కాదు డాన్సు కూడా చెయ్యొచ్చని, ఆ పెద్దాయన పడవలో చిందులేసి మరీ చూపించారు. నిజంగానే పడవ కదల్లేదు. ఆంటీ షరతు తీరిపోయిందనుకుని ముగ్గురం నీళ్ళ మీదికి వెళ్ళాం. దూరంగా ఒక పెద్ద పడవ వెళ్ళింది. దాని అలలు మా దాకా వచ్చాయి. చదును అడుగు ఒక్కొక్క అల మీద పళ్ళెంతో కొట్టినట్టు టపటపా పడింది. నాలుగో దెబ్బకో అయిదో దెబ్బకో అంకుల్ కట్టుడు పళ్ళు ఊడి పడవలో పడ్డాయి. ముగ్గురం మోకాళ్ళ మీద వెతికాం. దొరికాక అంకుల్ వాటిని సీసాలో నీళ్ళతో కడుక్కుని, పెట్టుకుని, ఎంతో మర్యాదగా "ఐ విల్ థింక్" అన్నారు.

తర్వాతది కోసు అడుగు పడవ, ఇంగ్లీషు వి అక్షరంలాంటిది. అలల్ని కత్తిలా కోసుకుంటూ పోయింది. అంకుల్ మొహం వెలిగిపోయింది. ఆంటీని వెంటనే రప్పించారు. ఆవిడ ఎక్కి, మధ్యలో నుంచుని, జడ విప్పి మూడు పాయలు చేసింది. అంతలో పడవ ఆగిన చోటే అటొక ఊపు, ఇటొక ఊపు. కోసు అడుగుకి పరుగు మీద ఉన్నంత నిలకడ ఆగినప్పుడు ఉండదు. ఆంటీ పాయలు వదిలేసి చప్పున కూర్చుంది. మొహమంతా జుట్టు కప్పుకుపోయి ఉండగా, ఆ జుట్టు లోపలి నుంచే "ఒడ్డుకు పోనివ్వండి" అంది. దారి పొడుగునా ఇంకో మాట మాట్లాడలేదు.

ఆ రోజు తిరుగు రైల్లో ఆంటీ ఒక మూల కునికిపాట్లు పడుతుంటే నేను అంకుల్‌తో అన్నాను: "అంకుల్, మీకు నచ్చింది కదా, కొనేయరాదుండ్రి. ఆంటీ ఇంటి కాడ ఉంటది, మీరు పోయి చేపలు పట్టుకొస్తరు."

ఆయన నా వంక చూడకుండా చెప్పారు. "నేనొక్కణ్ణే వెళ్ళాలంటే మొదటి వారమే కొనేద్దునయ్యా డాక్టరూ. ఉద్యోగం చేసినంత కాలం ఈవిడ ఒక్కతే అన్నం తింది. నేను ఇంటికొచ్చేసరికి పడుకునేది. ఇప్పుడు రోజంతా ఎదురెదురుగా కూర్చుంటున్నాం కానీ, ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలీట్లేదు. నీళ్ళ మీదైతే ఏదో ఒకటి అనుకోక తప్పదు కదా."

ఆ పై శనివారం నుంచి ఆయనతో పాటు నేనూ పడవల కిందికి దూరడం మొదలుపెట్టాను.

చాలా నెలలకు దొరికింది ఆ పడవ. ఒక షెడ్డు వెనక, ఎవరూ పట్టించుకోని మూల, ముదురాకుపచ్చ రంగు పెచ్చులూడుతూ ఉంది. అంకుల్ కిందికి దూరారు. చాలాసేపు బయటికి రాలేదు. "డాక్టరూ, ఇలా రా" అని పిలిచారు. ముందు భాగం కోసుగా మొదలై, వెనక్కి వచ్చేకొద్దీ పలచబడి, ఇంజను దగ్గరికి వచ్చేసరికి చదునైపోయింది. అలను కోయడానికి ముందు సగం, నిలబడ్డానికి వెనక సగం. ఆయన ఆ అడుగు మీద అరచేత్తో నిమిరారు. అచ్చం పశువును నిమిరినట్టు.

అయినా తొందరపడలేదు. జేబులోంచి ఆంటీ స్టీలు గరిటె తీసి, ఇంజను తగిలించే వెనక పలకను అంగుళం అంగుళం కొట్టి విన్నారు. లోపలి చెక్క పుచ్చిపోతే చప్పుడు బొంగురుగా వస్తుందట. తర్వాత గొట్టం అడిగి తీసుకుని పడవ నిండా నీళ్ళు పెట్టారు. "తేలించి చూస్తాడనుకుంటే ముంచుతున్నాడేమిటి" అన్నట్టు చూశాడు అమ్మేవాడు. "బయటికి కారే చోటే లోపలికీ కారుద్ది" అన్నారు అంకుల్. రేకుల్ని కలిపే రివెట్లు ఒక వరసలో చెమర్చాయి. వాటిని బిగించి ఇస్తేనే తీసుకుంటామని నన్ను ఇంగ్లీషులో చెప్పమన్నారు. నేను చెప్పింది ఒక్కటే వాక్యం. ఇంటికొచ్చాక ఆంటీకి మాత్రం "డాక్టరు దగ్గరుండి వైద్యం చేయించాడు" అని చెప్పారు.

ఆంటీ పరీక్షకు వచ్చింది. పడవ వెనక సగంలో నుంచుంది. పక్కనుంచి ఒక పడవ పోయింది, అలలు వచ్చాయి, ఆవిడ మోకాళ్ళు కాస్త వంచింది, కానీ చేతులు ఆపలేదు. చివరి దాకా అల్లి, రబ్బరు బ్యాండు వేసి, జడ వెనక్కి విసిరింది. అంకుల్ చప్పట్లు కొట్టబోయి, చుక్కాని వదిలేస్తున్నానని గుర్తొచ్చి మళ్ళీ పట్టుకున్నారు.

చేపల సంగతి చెప్పకపోతే అన్యాయం. అన్ని వీడియోలు చూసిన అంకుల్‌కి ఒక్క పండుగప్ప కూడా పడలేదు. ఊరికే పట్టుకోమని ఇచ్చిన గాలానికి ఆంటీకి పడింది, అదీ చెయ్యి చాచినంత పొడవు. ఆ వారమంతా అంకుల్ ఎవరు కనిపించినా "మేం పట్టాం" అని చెప్పారు. ఆంటీ ఒక్కసారి కూడా దిద్దలేదు. నేను ఉద్యోగం వచ్చి సెరంగూన్‌కి మారిపోయాక కూడా ఆ పులుసు వండినప్పుడల్లా నాకు ఫోన్ వచ్చేది. వెళ్ళేసరికి వాళ్ళిద్దరూ ఏదో ఒక దాని మీద వాదించుకుంటూ ఉండేవారు. ఏ ఎర వేయాలి, ఏ మబ్బు వాన మబ్బు, ఎవరు ఇంజను సరిగ్గా ఆపలేదు. నేను ఒక్కణ్ణే కూర్చుని రెండు మారులు వడ్డించుకునేవాణ్ణి.

మొన్న ఆదివారం ఆంటీని షెడ్డుకు తీసుకెళ్ళాను. పడవ కొంటామని ఇద్దరు ముగ్గురు అడిగారట. "ఏమన్నరు ఆంటీ?" అని అడిగాను.

"ఇవ్వనని చెప్పాను. పడవ నడిపే లైసెన్సు క్లాసులో చేరాను. నా వయసు చూసి అక్కడ పేర్లు రాసుకునే అమ్మాయి రెండుసార్లు అడిగింది, మీకేనా అని. నాకే అన్నాను." గొంతు తగ్గించి, "ఈత క్లాసులో కూడా చేరాను, అది మాత్రం ఎవరికీ చెప్పకు" అంది.

రాత్రి వానకు పడవలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆంటీ వంగి, నీళ్ళు పోయే వెనక కంతకున్న బిరడా లాగింది. నీళ్ళు సన్నటి ధారగా నేల మీదికి పడ్డాయి. ఎక్కడి నుంచో రెండు గోరింకలు వచ్చి ఆ ధార కింద నిలబడి, తలలు తడుపుకుని, రెక్కలు విదిలించి, మళ్ళీ మళ్ళీ తడుపుకున్నాయి. ఆంటీ బిరడా చేతిలో పట్టుకుని, నీళ్ళన్నీ అయిపోయే దాకా కదలకుండా వాటినే చూస్తూ నిలబడింది.