శశికళ పథ్యం

ఒంటిమిట్టకు కొద్ది దూరంలో ఉన్న నేతగాళ్ళ ఊళ్ళో శశికళ చీరలు నేసేది. ఆమె, భర్త మునీంద్ర చెరొక మగ్గం మీద కూర్చునేవాళ్ళు. ఒక్కతే కూతురు, లిఖిత. రెండో తరగతిలో ఉండగా జ్వరం వచ్చి, కడప పెద్దాసుపత్రికి చేరేలోపే ఆటోలో తల్లి ఒళ్ళోనే పోయింది.

ఆ తర్వాత శశికళకు నిద్ర లేదు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని, పోగును అటూ ఇటూ నడిపే నాడె చేతిలో పట్టుకుని పొద్దంతా అలాగే కూర్చునేది. ఎర్రగుంట్లలో ఉండే అక్క శివలీల వచ్చి ఆమెను కడపలో మనసు డాక్టరుకు చూపించింది. మాత్రలు మింగుతుండగా కొన్ని నెలలకు మనిషి కాస్త తేరుకుంది. మళ్ళీ చీర మొదలుపెట్టింది. కూతురి పేరు ఎత్తితే ఏడ్చేది కానీ, ఏడ్చి లేచి అన్నం వండేది.

మునీంద్రకు చక్కెర జబ్బు ఉండేది. ఫోనులో ఉపన్యాసాలు విని వరి అన్నం మానేసి, కొర్రలు, సామలు తిన్నాడు. పొద్దున్నే నడిచాడు. నిజంగానే చక్కెర తగ్గింది. దాంతో అతనికి గట్టి నమ్మకం కుదిరింది, తిండితో తగ్గని రోగమే లేదని. దిగులు కూడా కడుపులోనే పుడుతుందని, మాత్రలు దాన్ని లోపలే కుళ్ళబెడతాయని ఎవరో చెప్పగా విని, ఒకరోజు శశికళ మాత్రలన్నీ తీసుకుపోయి కాలవలో పారేశాడు.

అతను పెట్టిన పథ్యానికి ఆమె ఒప్పుకుంది. తన దిగులుతో ఇంటిల్లిపాదినీ ఏడిపించానని అప్పటికే ఆమెకు లోపల తప్పు చేసిన భావం ఉండేది.

పొద్దున గరిక కషాయం, మధ్యాహ్నం ఉప్పు లేని సామగంజి, సాయంత్రం జామాకులు కాచిన నీళ్ళు. పాలు, నూనె, బెల్లం ఇంట్లోకి రాకూడదు. కొద్ది రోజులకే నిద్ర మళ్ళీ పోయింది, చేతులు వణకడం మొదలైంది. చెబితే, లోపలి విషం బయటికి పోతోందని మునీంద్ర సంతోషించాడు. వణికే చేతులతో నేస్తే పోగులు తెగుతున్నాయని ఆమె మగ్గాన్ని కూడా విప్పించి, ఆ కొట్టంలో చిరుధాన్యాల అంగడి పెట్టాడు. జనం రాసాగారు. ఆదివారాలు ఊరూరా సభలు పెట్టేవాడు.

వేంపల్లె సభకు శశికళను కూడా వెంట తీసుకెళ్ళాడు. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. దాని మీద ఆమెవే రెండు ఫోటోలు. ఎడమ దాని కింద ‘అప్పుడు’, కుడి దాని కింద ‘ఇప్పుడు’. ఎడమ ఫోటోలో ఆమె నిండు ముఖంతో నవ్వుతోంది. అది లిఖిత పుట్టినరోజున తీసింది. ఫోటోలోంచి పిల్లను కత్తిరించేశారు. తల్లి మెడ చుట్టూ వేసిన చిన్న చెయ్యి మాత్రం మిగిలింది. కుడి ఫోటోలో దవడ ఎముకలు తేలిన మనిషి. దిగులు పోయింది, బరువు పోయింది అని రాయించాడు.

శశికళ ఆ చేతినే చూస్తూ నిలబడింది. మునీంద్ర మైకు ఆమె నోటి దగ్గర పెట్టి, “ఇప్పుడెట్లుండాది శశీ? అందరికీ చెప్పు” అన్నాడు.

“ఆకలిగా ఉండాది” అంది.

జనం నవ్వారు. మునీంద్ర మైకు లాక్కుని, “ఇన్నారు గదప్పా. నిజమైన ఆకలి పుట్టిందంటే రోగం పోయినట్టే” అన్నాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

వానాకాలంలో ఆమె అంగట్లో మూటలు సర్దుతూ పడిపోయింది. ఫిట్సు వచ్చాయి. ఒంట్లో ఉప్పు బాగా పడిపోయిందని, ఆ మాత్రలు ఒక్కసారిగా మాన్పించకూడదని కడపలో డాక్టరు మునీంద్రను నిలబెట్టి చెప్పాడు. అతను తల ఊపి బయటికొచ్చి, వరండాలో ఉన్న శివలీలతో, “పథ్యం తప్పినాదక్కా. నాకు తెలీకుండా ఏందో తినింటాది” అన్నాడు. తర్వాతి సభలోనూ అదే మాట చెప్పాడు. పథ్యం తప్పితే ఏమవుతుందో చూడమని ఆమె పేరుతో సహా చెప్పాడు.

శివలీల చెల్లెల్ని ఎర్రగుంట్లకు తీసుకుపోయింది. మొదటి రోజు కంచంలో అన్నం, పప్పు పెడితే శశికళ ముట్టుకోలేదు.

“అక్కా, ఆయప్ప చెప్పింది నిజమే. పక్కింటామె బెల్లం ముక్క పెడితే తిన్యా. దాని వల్లే ఇట్లయింది” అంది.

శివలీల పప్పన్నం కలిపి నోట్లో పెట్టింది. మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి. చేతుల వణుకు తగ్గింది. నిద్ర కొంచెం వచ్చింది. కానీ ప్రతి పూటా కంచం ముందు కూర్చుని “తినొచ్చునా అక్కా?” అని అడిగేది. తినమని చెబితేనే చెయ్యి కడుక్కునేది. అన్నం తర్వాత మజ్జిగకూ అడిగేది.

శివలీల భర్తకు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు. ఇంటి నిండా పని. ఎన్నో నెలలు ఓపిగ్గా చెప్పిన మనిషి, ఒక మధ్యాహ్నం పొయ్యి దగ్గర విసిగిపోయి, “ఇంగ అడగొద్దు శశీ, నాకు పానం పోతాంది” అని అరిచింది.

ఆ పూట నుంచి శశికళ అడగడం మానేసింది. పెట్టినదాంట్లో సగం తిని, కంచం తీసుకుని లేచిపోతుంది.