మా అవ్వ హోటలు బెంచీ ఎక్కింది

నా చిన్నప్పుడు మా ఇంట్లో హోటలు అన్న మాటను కూడా గొంతు తగ్గించి పలికేవాళ్ళు. ఇంట్లో పొయ్యి వెలుగుతుండగా మగవాడు బయట తిని వచ్చాడంటే ఆ మొగుడూ పెళ్ళాలకు చెడిందనే లెక్క. ఇక ఆడమనిషి హోటల్లో కూర్చుని తినడమా, గోవిందా! ఇప్పుడు మా మనవరాలు ఫోన్లో వేలు ఆడిస్తే చాలు, బిర్యానీ గుమ్మం ముందుకు వచ్చి నిలబడుతుంది. ఆ పిల్లకు ఈ సంగతి చెబితే "పో అవ్వా, నువ్వు మరీనూ" అని నవ్వుతుంది. నమ్మకపోతే మానె. అట్లాంటి రోజుల్లో, పుట్టి బుద్ధెరిగాక బయటి మెతుకు ముట్టని మా అవ్వ, అంటే మా నాయన తల్లి, వీధి వీధంతా చూస్తుండగా హోటలు ముందు బెంచీ మీద కూర్చుని దోసె తిన్నది. ఏదో ఒకరోజు ఆకలికి ఆగలేక తిన్నది కాదు. పట్టుబట్టి, రోజూ పోయి తిన్నది.

మాది ఏర్పేడు దగ్గర ఒక పల్లె. నాయనకు బస్సు కండక్టరు ఉద్యోగం వచ్చాక తిరుపతి శివార్లలో, రేణిగుంట రోడ్డు వైపు, కొత్తగా వేసిన కాలనీలో అవ్వతో సహా నలుగురమూ బాడుగకు దిగాము. కాలనీ అని పేరే గానీ, చెనిక్కాయ, అంటే వేరుశనగ చేను చదును చేసి హద్దురాళ్ళు పాతిన చోటు అది. అక్కడొక ఇల్లు, ఇక్కడొక ఇల్లు, మధ్యలో ముళ్ళకంప. చిత్తూరు, మదనపల్లె, నాయుడుపేట, ఎక్కడెక్కడి నుంచో ఉద్యోగాల కోసం వచ్చినవాళ్ళు ఉండేవాళ్ళు. మా పల్లెలో బడి ఐదో తరగతితో సరి. ఇక్కడ నన్ను ఆరులో చేర్చారు. నీలం పావడా, తెల్ల జాకెట్టు, ఒక్కో పాఠానికి ఒక్కో టీచరు. నాకు ఏనుగెక్కినంత సంబరంగా ఉండేది.

అమ్మకు మాత్రం ఆ ఇల్లు జైలయింది. నాయన తెల్లవారకముందే డ్యూటీకి పోతే ఎప్పుడు తిరిగి వచ్చేదీ ఆయనకే తెలియదు. అమ్మకు మా తమ్ముడు కడుపులో ఉన్నాడు. మా పల్లెలో కొత్తగా ఎవరైనా దిగితే ఊరివాళ్ళే ముందు పోయి పలకరించాలి. ముంతెడు మజ్జిగో, ఒడినిండా వంకాయలో తీసుకుని పోయి, పొయ్యి రాజుకుందా అని అడిగి రావాలి. అమ్మ అట్లాగే ఎదురుచూసింది. రోజూ వాకిలి ఊడ్చి, ముగ్గేసి, చాప పరిచి పెట్టేది. ఎవరూ రాలేదు. వీధి కొళాయి దగ్గర కూడా ఆడవాళ్ళు ఆమెను చూసి మాటలు ఆపేసేవాళ్ళు. నువ్వే పోయి మాట్లాడరాదా అని నాయన అంటే, "పిలవని పేరంటానికి పోయే రకం కాదు నేను" అని మూతి తిప్పేది. మా అమ్మ పంతం అట్లాంటిది. చచ్చినా దిగదు.

ఒక సాయంత్రం ఆ పంతం కాస్తా నా మెడకు చుట్టుకుంది. నాయనా నేనూ అన్నం తింటున్నాము. అవ్వ చింతపండులో గింజలు తీస్తోంది. అమ్మ ఉన్నట్టుండి తేల్చి చెప్పేసింది.

"వచ్చే నెల్లో నాకు గాజులు తొడగాల. తొడిగేదానికి ఈడ ఎవురుండారు, ఈ గోడలా? నేను పల్లెకు పోతాండా. కాన్పయినా మళ్ళా రాను. పాపను కూడా తీసకపోతా. నువ్వు యాడన్నా రూము చూసుకో."

"మరి పాప సదువు?" అన్నాడు నాయన.

"ఆడపిల్లకు ఐదు సాలదా?"

నా చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. నాయన తల వంచుకుని మజ్జిగ కలుపుకున్నాడు. మా నాయన మంచివాడే, కానీ బస్సులో పదిమందిని గదమాయించే ఆ గొంతు ఇంట్లోకి వస్తే లేచేది కాదు. అవ్వ ఒక్కటే తలెత్తి అమ్మను చూసింది.

"ఈ వీధోళ్ళు మనింటికి వస్తే ఉంటావా?"

"వస్తే కదా అత్తా."

"వస్తారు లే" అని మళ్ళీ చింతపండు మీదికి వంగింది.

మర్నాడు పొద్దున అవ్వ ఉతికిన కోక కట్టుకుని, నన్ను బడి దాకా వదిలి వస్తానని అమ్మతో చెప్పి బయలుదేరింది. వీధి మొగదలకు రాగానే నా చేయి పట్టుకుని రేకుల హోటలు వైపు తిప్పింది. వేలూరు వైపు నుంచి వచ్చిన ఒకాయన, ఆయన భార్య నడిపే హోటలు అది. ఆడవాళ్ళెవరూ అక్కడ కూర్చునేవాళ్ళు కాదు. కావలసి వస్తే పిల్లల చేత గిన్నె పంపి సాంబారు తెప్పించుకునేవాళ్ళు. హోటలాయన అవ్వను చూసి కంగారుపడి, అరవమూ తెలుగూ కలిపి, "ఉళ్ళే వా పాటీ, లోపల కూర్చో, ఈడ అందరూ సూస్తారు" అన్నాడు. అవ్వ వినలేదు. "నాకు ఈడే బాగుండాది నాయనా" అని బయటి బెంచీ మీద, సరిగ్గా వీధి కొళాయికి ఎదురుగా, కాళ్ళు బారజాపి కూర్చుంది. కొళాయి దగ్గర బిందెలు వరస కట్టి ఉన్నాయి. బిందెల వెనక ఆడవాళ్ళు; సాయంత్రమే నీళ్ళకు వచ్చే అమ్మ వాళ్ళలో లేదు. ఒక్కరి కళ్ళు కూడా నీళ్ళ మీద లేవు.

దోసెలు వచ్చేలోపల నాకు చెప్పవలసింది చెప్పేసింది. "ఎవురేమడిగినా పలకొద్దు పాపా. నువ్వు నోరు తెరిచేది దోసెకే."

అవ్వ తినడం చూడాలి! ఇంట్లో గబగబా నాలుగు ముద్దల్లో సంగటి ముగించే మనిషి, అక్కడ దోసెను చిటికెడు చిటికెడు తుంచి, గాలికి ఆరబెట్టినట్టు పట్టుకుని, వీధి కేసి చూస్తూ నమిలేది. మూడో రోజో నాలుగో రోజో పక్కింటి అక్క ఉండబట్టలేక, బిందె చంకన పెట్టుకునే వచ్చి అడిగింది. "ఏం పెద్దమ్మా, ఇంట్లో ఏం చేయలేదా?" అవ్వ గుండెల్లోంచి ఒక నిట్టూర్పు తీసింది. "ఏం జెప్పేది తల్లీ" అన్నది. అంతే. మళ్ళీ దోసె తుంచింది. అబద్ధం ఒక్కటి కూడా ఆడలేదు సుమా! కానీ ఆ నిట్టూర్పు నేను బడి నుంచి ఇల్లు చేరేలోపల కాలనీ అంతా తిరిగి వచ్చింది.

ఆ నూనె ఆమె కడుపుకు పడేది కాదు. మధ్యాహ్నం అమ్మ చూడకుండా వాము నమిలేది. అయినా పొద్దున మళ్ళీ ఉతికిన కోక, మళ్ళీ బెంచీ. ఈలోగా బడిలో ఒక పిల్ల అందరి ముందూ నన్ను అడిగేసింది, మీ అమ్మ మీ అవ్వకు కూడు పెట్టదంట కదా అని. నాకు ఒళ్ళు మండిపోయింది. మా అమ్మ పెట్టదా? పల్లెలో పొలం నుంచి ఆలస్యంగా వచ్చినా అత్త తినందే తినని మనిషి ఆమె! మర్నాడు వీధి మొగదల అవ్వ చేయి విడిపించుకుని, నేను రాను పో అన్నాను. అవ్వ నన్ను బుజ్జగించలేదు.

"నీకు ఆ బడి కావాల్నా, వద్దా?"

"కావాల."

"అయితే నడువు."

నడిచాను. ఏడుస్తూనే దోసె తిన్నాను.

ఆ ఆదివారం మిట్టమధ్యాహ్నం వాళ్ళు వచ్చారు. ముందు ఎదురింటి టీచరమ్మ, ఆమె వెనక పక్కింటి అక్క, ఇంకా ఇద్దరు. నేను వాకిట్లో కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాను. ఇన్నాళ్ళకు గడప దగ్గర మనుషులు కనబడేసరికి అమ్మ మొహం విప్పారింది. చాప దులపబోయింది. టీచరమ్మ కూర్చోలేదు.

"సూడమ్మా, మీ ఇంటి సంగతి మాకెందుకని ఇన్నాళ్ళూ ఊరకుండాము. కడుపుతో ఉండే దానివి, నిన్ను ఒక మాట అనేదానికి మాకూ బాధగానే ఉండాది. కానీ ఆ పెద్దామె రోజూ బజార్లో కూర్చోని తింటా ఉంటే మాకు ముద్ద దిగడం లేదు. ముసలిప్రాణం, ఇంత సంగటి పెడితే నీ సొమ్మేం పోతాది?"

అమ్మకు ముందు అర్థం కాలేదు. "ఎవురు? మా అత్తా? హోటల్లోనా?" అని నా వైపు చూసింది. నేను లెక్కల పుస్తకంలోకి తల దూర్చాను. అంతే, అమ్మ ఒక్క ఉదుటున టీచరమ్మ మణికట్టు పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. మిగతావాళ్ళు బిలబిలా వెనకే పోయారు.

"ఈ సంగటి ఎవురికి కెలికినా? ఈ పులగూర ఎవురికి ఎనిపినా? ఈ ఊరిబిండి సూడు, ఈ వాసనకే నాకు ఇప్పుడు వాంతి వస్తాది. ఆమెకు ఇష్టమని ముక్కు మూసుకోని నూరినా! నేనా తిండి పెట్టనిదాన్ని?" అని గట్టిగా ఏడ్చేసింది.

అప్పుడు వచ్చింది అవ్వ, పెరట్లో కాళ్ళు కడుక్కుని, కొంగుతో చేతులు తుడుచుకుంటూ. అందరూ ఆమె వైపు తిరిగారు.

"నా కోడలు నాకు ఒక్క పూట కూడా తక్కువ చేయలేదు తల్లీ. నేను ఆకలికి పోలేదు. మీరు వస్తారని పోయినా. మంచి సంగతి అయితే రేపు పోదాం లే అనుకుంటారు. చెడ్డ సంగతైతే పరిగెత్తుకోని వస్తారు. మా పల్లెలోనూ అంతే."

 ముందు తేరుకున్నది టీచరమ్మే. ఆమెకూ కోపం వచ్చింది. "మేం రాలేదంటావేం పెద్దమ్మా, మీరు పిలిచినారా? కొత్తగా దిగినోళ్ళు నలుగురినీ పసుపు కుంకానికి పిలవాల. ఇన్నాళ్ళయినా మీరు పిలవలేదు. మీకు పొగరనుకున్నాం."

"మా పక్క ముందు మీరే రావాల!" అన్నది అమ్మ, వెక్కిళ్ళ మధ్య.

వాళ్ళు పిలుపు కోసం చూశారు, మేము రాక కోసం చూశాము. నడుమ ఉన్నది పది గజాల వీధి. పక్కింటి అక్క ముందు నవ్వింది. ఆ తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయారు. అమ్మ ముక్కు చీదుకుని, ఇంటికొచ్చిన వాళ్ళు ఒట్టినే పోతే నాకు పాపం అని అందరికీ పళ్ళేలు పెట్టింది. టీచరమ్మ ఆ ఊరిబిండి పచ్చడిని వేలితో నాకి, పెళ్ళయ్యాక మళ్ళీ ఇప్పుడే తినడం అంటూ ఇంకో సంగటి ముద్ద వేయించుకుంది.

అంతటితో అయిపోయిందనుకోకండి. వాళ్ళు పోగానే అమ్మ అవ్వ మీద విరుచుకుపడింది. "నా పేరు బజారుకీడ్చినావు కదా అత్తా!"

"ఈడ్చినా" అన్నది అవ్వ, ఏమాత్రం తడుముకోకుండా. "నీ పేరు పోతే మళ్ళా నేనే తెచ్చిస్తా. పాప సదువు పోతే నేను యాడినుంచి తెచ్చేది?"

అన్నట్టే ఆ సాయంత్రం నుంచి ఇల్లిల్లూ తిరిగింది. తన కోడలు ఎట్లాంటిదో, తాను ఏం చేసిందో, పిల్లలకు కూడా అర్థమయ్యేట్టు చెప్పి వచ్చింది. కొళాయి దగ్గర చెప్పింది, హోటలాయనకూ చెప్పింది. అమ్మ కోపం మాత్రం అంత తొందరగా పోలేదు. చాలా రోజులు అవ్వ ముందు పళ్ళేన్ని ఠంగున పెట్టేది. తప్పు ఎవరిదని నన్ను అడిగితే ఈనాటికీ చెప్పలేను. అమ్మకు తగిలిన దెబ్బ నిజం. అవ్వ మా కోసమే చేసిందన్నదీ నిజం.

గాజులు తొడిగే రోజు మా ఇంట్లో జనం పట్టలేదు. పిలవాల్సిన వాళ్ళందరినీ అమ్మ తానే పోయి బొట్టు పెట్టి పిలిచింది. అమ్మను పీట మీద కూర్చోబెట్టి, పసుపు రాసి, టీచరమ్మ మొదటి గాజు చేతిలోకి తీసుకుంది. అవ్వ వంటింటి తలుపు వెనక నిలబడి ఉంది. మా తాత పోయినప్పటి నుంచీ ఆమె శుభకార్యాల్లో అక్కడే నిలబడేది. అప్పట్లో అదే పద్ధతి, అదేమని అడిగినవాళ్ళు లేరు. అమ్మ చాచిన చేయి వెనక్కి తీసుకుంది.

"అత్తా, నువ్వు రా. ముందు నువ్వు తొడుగు."

"నేనేంది మే, ముత్తయిదువలు ఉండారు కదా, కానీండి" అన్నది అవ్వ తలుపు వెనక నుంచే.

"ఈ జనాన్ని నాకు తెచ్చిచ్చింది నువ్వు. నువ్వు తొడగందే నేను చేయి చాచను."

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకామె ఏదో గొణిగింది కూడా. అమ్మ రెండు చేతులూ ఒళ్ళో దాచుకుని కూర్చుంది. టీచరమ్మ లేచిపోయి అవ్వ చేతిలో గాజులు పెట్టింది. అవ్వ వచ్చి అమ్మ ముందు కూర్చుని గాజు ఎక్కించబోయింది. ఒక గాజు చిట్లింది. అమ్మ మాత్రం పీట మీద నుంచి కదల్లేదు. చేయి అట్లాగే చాచి ఉంచింది.

మేము ఆ కాలనీ వదిలి పల్లెకు పోలేదు. నేను బడి ముగించి, నర్సు చదువు చదివి, ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇప్పుడు కొడుకూ కోడలితో ఊరికి ఇంకా బయట, ఒక అపార్టుమెంటులో ఉంటున్నాను. ఇక్కడ అన్ని తలుపులూ మూసే ఉంటాయి. వచ్చిన కొత్తల్లో కింది ఫ్లాటు ఆమె, నా మొక్కల నీళ్ళు వాళ్ళ బట్టల మీద కారుతున్నాయని, మెట్ల మీద నుంచే అరుచుకుంటూ పైకి వచ్చింది. మా కోడలు భయపడి తలుపు వేయబోయింది. నేను వేయనిస్తానా! తలుపు బార్లా తీసి, "రా తల్లీ, తిట్టేదేదో కూర్చోని తిట్టు" అన్నాను. ఆమెకు ఏం చేయాలో తోచక కూర్చుంది. ఆ తప్పు మాదేనని ఒప్పుకున్నాను, కుండీలు జరిపించాను, ఉన్న పులిహోర పెట్టాను. నా గడప దాకా వచ్చిన కోపాన్ని నేను ఇంతవరకూ ఒక్కసారి కూడా ఖాళీ కడుపుతో పంపలేదు.