అఫ్రా గుమ్మానికి గొడుగు

తిరోల్ కొండల నడుమ ఆ లోయలో పిడుగు గంట కొట్టే పని అఫ్రాది. తండ్రి పోయాక ఆమెకే వచ్చింది. గంట మోగిందంటే కొండవాలు మీద గడ్డి కోసేవాళ్లంతా ఎక్కడి పని అక్కడ వదిలేసి దిగిపోవాలి. పడమటి శిఖరం వెనక మబ్బు పుట్టగానే అది ఉత్త వానో, పిడుగుల వానో ఆమె చెప్పేసేది. మబ్బు తల కాలీఫ్లవర్‌లా బొద్దుగా ఉన్నంతసేపూ భయం లేదు. ఆ తల కమ్మరి దాగలిలా చదునై ఓ పక్కకు సాగిందా, ఇక పావుగంటే గడువు.

అంత ముందుగా చెప్పేది ఒక్కోసారి తప్పుతుంది మరి. మనుషులకు ఆ సంగతి ఎక్కదు! గంట మోగి వాన రాకపోతే, మర్నాడు ఆమె గుమ్మానికి విప్పిన గొడుగు వేలాడుతుంది. అది అక్కడి వేళాకోళం. ఆ జులైలో మూడుసార్లు వేలాడింది. మూడోది స్వయానా తమ్ముడు వెండెల్‌ది. ఒక పూట పని పాడైందని వాడి కడుపుమంట.

"నీ గంటకి భయపడి మబ్బులే పారిపోతున్నాయక్కా," అన్నాడు రొట్టె నములుతూ. "ఈసారైనా కాస్త కళ్లు నులుముకుని చూసి కొట్టు."

అఫ్రా నవ్వేసింది. వాడి గొడుగు తిరిగివ్వకుండా మూలన పెట్టేసింది. మాట మాత్రం మనసులో ఉండిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం మబ్బు తల చదునైంది. అఫ్రా తాడు పట్టుకుంది. ఒక్క ఉరుము వినపడనీ, అప్పుడు కొడదాం అనుకుంది. పాతికేళ్లలో ఎన్నడూ అలా ఆగలేదు. ఉరుము వినపడింది. ఆ పిడుగే పై వాలులో గడ్డిమోపు ఎత్తుకుంటున్న వెండెల్ మీద పడింది. తర్వాత చేతులు బొబ్బలెక్కేదాకా ఆమె గంట కొడుతూనే ఉంటే, ఎవరో వచ్చి తాడు విడిపించారు.

ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. వెండెల్ భార్య కూడా "నువ్వేం చేస్తావు వదినా" అని ఆ చేతులే పట్టుకుని ఏడ్చింది. నాలుగు తిట్టినా బాగుండేది, పాపం, అఫ్రాకి.

వెండెల్‌ని పాతిపెట్టిన తొమ్మిదో రోజు శిఖరం వెనక చిన్న మబ్బు లేచింది. అది ఉత్తదేనని ఆమెకు తెలుసు. అయినా కొట్టింది. ముసలివాళ్లతో సహా అందరూ గడ్డి వదిలేసి మారుమాట లేకుండా దిగొచ్చారు. మబ్బు అరగంటలో విడిపోయింది. పొద్దు గుంకేదాకా ఎండ కాసింది.

మర్నాడు పొద్దున అఫ్రా తలుపు తీసి గుమ్మం వంక చూసింది. గొడుగు లేదు. దారిన పోయేవాళ్లు టోపీలు తీసి, తలలు వంచుకుని వెళ్లిపోయారు. ఆమె లోపలికెళ్లి మూలనున్న వెండెల్ గొడుగు తెచ్చింది. తనే విప్పి గుమ్మానికి తగిలించి, దాని కింద కూలబడి బావురుమంది.