గాలి పిన్ని చేసిన నిశ్శబ్దం

గాలి పిన్ని దుకాణానికి ఏ కంప్యూటర్ వచ్చినా ఆవిడ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. "గాలి ఎటు నుంచి వస్తోంది, ఎటు పోతోంది?" తెచ్చినవాళ్ళు తెల్లమొహం వేస్తారు. మిషన్ నడవట్లేదు మహాప్రభో అంటే మధ్యలో ఈ గాలి గోలేమిటని! ఆవిడ వదిలితేగా. బీరువాలో పెట్టి తలుపేశారా, మీద గుడ్డ కప్పారా, గోడకి ఆనించారా అని పోలీసులా ఆరా తీస్తుంది. పేరు అలా వచ్చింది. అసలు పేరు పిన్నికే గుర్తులేదని పక్క జెరాక్స్ షాపాయన ఏడిపిస్తుంటాడు.

దుకాణం అన్నానని పెద్దగా ఊహించుకోకండి. జెరాక్స్ షాపుకీ టైలర్ కొట్టుకీ మధ్య ఇరుక్కున్న గది. బల్ల నిండా బ్రష్షులు, వేడిని కూలర్‌కి అందించే పేస్టు ట్యూబులు, విప్పిపడేసిన ఫ్యాన్లు. పిన్ని స్క్రూడ్రైవర్ మొనను నడుస్తున్న డబ్బాకి తాకించి, పిడిని చెవి వెనక ఎముకకి ఆనించి కళ్ళు మూసుకుంటుంది. ఏ ఫ్యాను అరిగిందో, ఏ రేకు వణుకుతోందో ఆ పిడిలోంచి ఆవిడకి వినబడిపోతుంది. చివర్లో డబ్బా వెనక అరచెయ్యి పెట్టి, వెచ్చటి గాలి తగిలితే "ఆఁ, ఊపిరి తీస్తోంది" అంటుంది. అలా అంటేనే పని అయినట్టు.

ఇన్నేళ్ళయినా కంప్యూటర్‌కి బుర్రలాంటి ప్రాసెసర్ని చూస్తే ఆవిడకి విస్తుపోవడం తగ్గలేదు. ఎవరు దొరికితే వాళ్ళని కూర్చోబెట్టి చెప్పేది. "ఇంత బిళ్ళ! రెప్ప వేసేలోపు ఎన్నెన్ని లెక్కలు చేసేస్తుందో తెలుసా? ఒళ్ళు కాలిపోతూ చేస్తుంది పాపం. ఆ వేడిని మనం తీసి బయట పారేస్తే చాలు, ఇంకేమీ అడగదు పిచ్చిది." చెబుతుంటే ఆవిడ కళ్ళు మెరిసేవి. వినేవాడు గడియారం చూసుకునేవాడు.

అక్క దగ్గర మాత్రం ఈ ముచ్చట్లేవీ సాగేవి కావు. అక్క బడిలో పంతులమ్మగా చేసి రిటైరైంది. చెల్లెలు గుమ్మంలో అడుగుపెట్టగానే నెత్తిన ఓ మొట్టికాయ వెయ్యడం చిన్నప్పటి నుంచీ ఆవిడకి అలవాటు. తర్వాతే మాట. "నాలాగా టీచరువి కావే అంటే విన్నావా? ఎంతసేపూ ఆ స్క్రూడ్రైవర్ పట్టుకుని తిరుగుతావు!" నలుగురిలో అన్నా సరే, పిన్ని నవ్వి ఊరుకునేది. లోపల చివుక్కుమనేది, ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అలాంటి అక్క గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చెయ్యాలన్నారు. ప్రాణానికి భయం లేదు గానీ మాట ఉంటుందో పోతుందో చెప్పలేమన్నాడు డాక్టరు. అక్క ఆసుపత్రి మెట్లు దిగుతూ చెల్లెలి చెయ్యి పట్టుకుని అడిగిన మాట ఇది: "నా గొంతు సంగతి సరే, చిన్నదానికి కథలెవరు చెబుతారే?"

చిన్నది అంటే అక్క మనవరాలు. అమ్మమ్మ కథ చెవిన పడితే గానీ కన్ను మూతపడని రకం. అందుకని ఆపరేషన్ లోపు కథలన్నీ రికార్డు చేసి పెట్టాలని అనుకున్నారు. ఫోన్లో చెప్పమంటే అక్క ససేమిరా అంది. "ఫోను పట్టుకుంటే కరెంటు బిల్లు గురించి మాట్లాడుతున్నట్టుంటుంది నాకు, కథ రాదు!" అల్లుడు మంచి మైకు తెచ్చి ముందుగదిలో ఉన్న పాత కంప్యూటర్కి తగిలించాడు. మొదటి కథ రికార్డు చేసి పెట్టుకు విన్నారు. రాజుగారు అడవికి బయల్దేరిన దగ్గర్నుంచీ వెనకాల ఒకటే బుయ్యిమని మోత. రాజూ లేడు, అడవీ లేదు, అంతా ఫ్యానే.

అక్క మొహం వాడిపోయింది. "నా గొంతు ఇలాగేనా మిగిలేది?" అంది.

పిన్ని మర్నాడు పొద్దున్నే సంచీతో దిగింది. మొట్టికాయ తిని, డబ్బా విప్పింది. లోపల దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది. ఫ్యాను రెక్క తిరక్కుండా వేలితో పట్టుకుని బ్రష్షుతో దులిపింది. ప్రాసెసర్ మీద ఎప్పటిదో పేస్టు ఎండి పెచ్చులై ఉంటే మెత్తగా తుడిచింది. దాని వేడి లాగే పాత కూలర్ తీసేసి, దుకాణంలో దాచుకున్న పెద్ద కూలర్ బిగించింది. దానికి రాగి అడుగు, అంతెత్తు రేకులు, మెల్లగా తిరిగే పెద్ద ఫ్యాను. బఠానీ గింజంత కొత్త పేస్టు, ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా స్క్రూలు. చేతులు వాటంతటవే పోతున్నాయి. బుర్ర మాత్రం అక్క గొంతు దగ్గరే ఉంది.

స్విచ్చి వేస్తే చప్పుడే లేదు. అక్క నోరు తెరిచింది. "ఇది నడుస్తోందా?" కథ మొదలుపెట్టింది. రాజుగారు ఇంకా గుర్రం ఎక్కనే లేదు, కంప్యూటర్ టప్పున ఆగిపోయింది. మళ్ళీ వేశారు, మళ్ళీ ఆగింది. ఒళ్ళు మాడిపోయి తనంతట తనే ఆగిపోతోందని పిన్నికి అర్థమైంది. ఎందుకో మాత్రం అంతుపట్టలేదు. పేస్టు పాతదా? బోర్డు పోయిందా? వారంలో ఆపరేషన్, చెప్పాల్సిన కథలు బోలెడు.

కూలర్ని మళ్ళీ ఊడదీసి అడుగు చూసింది. చూసి అలాగే కూలబడింది. రాగి మీద కంపెనీవాళ్ళు అంటించే పల్చటి ప్లాస్టిక్ పొర ఇంకా ఉంది. పేస్టంతా ఆ పొర మీదే ఉంది, వేడి రాగిదాకా పోనేలేదు. 'ముందు పొర పీకు నాయనా' అని కనబడ్డవాడికల్లా చెప్పే మనిషి, తన చేత్తో తనే ఆ పొర మీద పేస్టు రాసింది!

"ఏమైందే?" అంది అక్క.

"పొర తియ్యలేదక్కా. మర్చిపోయాను." నవ్వబోయి ఏడ్చేసింది పిన్ని. "నీ ఆపరేషనే కళ్ళముందు ఆడుతోంది, నన్నేం చెయ్యమంటావు?"

ఆశ్చర్యంగా అక్క తిట్టలేదు. మొట్టికాయ కూడా వెయ్యలేదు. లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

పొర పీకి, అంతా తుడిచి, మళ్ళీ బిగించేసరికి మధ్యాహ్నమైంది. ఈసారి మిషన్ ఆగలేదు. పిన్ని స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించుకుని వింది. ఏదో ఉందా లేదా అన్నంత సన్నటి కదలిక. వెనక చెయ్యి పెడితే అరచేతికి వెచ్చటి గాలి. అంత వేడిని అంత గుట్టుగా మోసుకుపోతున్న గాలిని తలుచుకుంటే ఆవిడకి ఒళ్ళు జలదరించింది. "ఊపిరి తీస్తోంది. ఇక చెప్పుకో అక్కా," అని పక్కగదిలో నడుం వాల్చింది. వాల్చడమేమిటి, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

ఆ వారమంతా కథలు నడిచాయి. ఆపరేషన్ బాగా జరిగింది. మాట మాత్రం రాలేదు.

అక్క ఇల్లు చేరాక, ఒక సాయంత్రం పిన్ని ఆ కథల్ని సరిచేసి చిన్నదానికి ఇద్దామని కంప్యూటర్ ముందు కూర్చుంది. కూలర్ మార్చిన రోజు చెప్పిన కథ ఉండాల్సినదానికంటే బాగా పొడుగుంది. రాజుగారు అడవి నుంచి క్షేమంగా తిరిగొచ్చాడు, కథ అయిపోయింది. ఆ తర్వాత ఏ మోతా లేదు. ఆ నిశ్శబ్దంలో గోడగడియారం వినబడుతోంది, చీర సర్దుకున్న చప్పుడు వినబడుతోంది. అక్క పీల్చిన ఊపిరి పక్కన కూర్చున్నంత దగ్గరగా వినబడుతోంది. తన చేతుల్తో చేసిన నిశ్శబ్దంలో ఇన్ని ఉంటాయని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు.

అంతలో అక్క గొంతు. "అయ్యో, తెర నల్లబడిపోయింది. చప్పుడూ లేదు. మళ్ళీ ఆగి చచ్చినట్టుంది."

పిన్నికి వెంటనే అర్థమైంది. కాసేపు ముట్టుకోకపోతే తెర దానంతటది ఆరిపోతుంది. ఆ రోజు లోపల మిషన్ నడుస్తూనే ఉంది, అక్క మాటలు వింటూనే ఉంది.

"పిలవనులే దాన్ని. పొద్దుట్నుంచీ నడుం వంచి చేసింది, కాస్త పడుకోనీ. ఏమాటకామాటే చెప్పుకోవాలి, నా చెల్లెలు సామాన్యురాలా? రాక్షసిలా అరిచే ఈ డబ్బాని పసిపిల్లలా నిద్రపుచ్చింది. స్క్రూడ్రైవర్ పట్టుకు తిరుగుతావేమే అని తిడతాను గానీ, తిట్టినప్పుడల్లా లోపల ఎంత పొంగిపోతానో! ఒక్కసారైనా మొహమ్మీద అన్నానా? ఇప్పుడు అందామంటే ఏడుపొస్తుంది. ఏడిస్తే గొంతు పోతుంది, చిన్నదాని కథలు మిగిలిపోతాయి. ఆపరేషన్ అయ్యాక చెబుతాలే." గోడగడియారం చప్పుడు. తర్వాత మెల్లగా, "గొంతుంటే," అంది.

పిన్నికి కళ్ళ ముందు ఏమీ కనబడలేదు. వెనక అలికిడైతే తిరిగింది. అక్క గుమ్మంలో నిలబడి ఉంది, మెడకి గుడ్డ చుట్టుకుని. మొత్తం విన్నట్టే ఉంది.

"నిజంగానే అన్నావా అక్కా?" అంది పిన్ని.

అక్క పెదవులు కదిలాయి గానీ ఏమీ రాలేదు. దగ్గరకొచ్చి చెల్లెలి నెత్తిన ఓ మొట్టికాయ వేసింది. ఆ తర్వాత ఆ చెయ్యి అక్కడి నుంచి తియ్యలేదు. రెండో చేత్తో తెర వైపు చూపించి, మళ్ళీ పెట్టమని సైగ చేసింది.